పడుకున్న రాత్రే మనది

రాత్రి రెండుకి మారుతుంది నెల్లూరులో తేదీ.
పన్నెండుకి కాదు.
ట్రంకు రోడ్డు మీద చివరి మద్రాసు బస్సు వెళ్లాక
రిసెప్షన్ ఫ్యాను కింద కూచుని
నేను మీట నొక్కితేనే
మా లాడ్జీలో నిన్న నిన్నవుతుంది.

ముప్పై ఆరు గదులు.
తాళంచెవి లేని కొక్కేలు లెక్కపెడతాను.
ఒక్కో ఖాళీ కొక్కేనికి ఒక మనిషి నిద్ర.
ఆ నిద్రే మా సరుకు.
మిగిలితే రేపటికి దాచలేం,
చేపలకైనా ఐసు ఉంటుంది.

మార్చి ముప్పై ఒకటిన
మా ఓనరు చెంచురామయ్య గారు
అడ్వాన్సుల పుస్తకం నా ముందు పడేశారు.
రొట్టెల పండక్కి మూడు నెలల ముందే
కడప నుంచి, రాయచూరు నుంచి, సేలం నుంచి
ఫోన్లలో వచ్చి పడిన డబ్బు,
మూడు లక్షల పదహారు వేల ఎనిమిది వందలు.
"బ్యాంకోళ్లు చూస్తార్రా సందానీ,
ఈ సంవత్సరం రాబడిలో కలిపెయ్.
చేతికొచ్చింది మనది కాదంటే ఎట్టా?"

ఎట్టా చెప్పేది.
సార్, ఇవి నూట డెబ్బై ఆరు రాత్రులు.
ఒక్కటీ ఇంకా చీకటి పడలేదు.
ఎవరూ దుప్పటి కప్పుకోలేదు,
వేణ్ణీళ్ల కొళాయి తిప్పలేదు.
జూన్‌లో రావాల్సిన పిల్లాడు
మన మెట్ల మీద ఇంకా జారిపళ్లేదు.
అందాకా ఇది అప్పుల వైపే ఉంటుంది,
కరెంటు బిల్లు పక్కన, లాండ్రీ బాకీ కింద.

ఆయన కాసేపు నన్ను చూసి
"నీ చదువు తగలెయ్య" అన్నారు.
పుస్తకం మాత్రం తీసుకుపోలేదు.

పద్దెనిమిది వందల ప్యాకేజీ అని బోర్డు రాయించింది ఆయనే.
గది, పొద్దున టిఫిను, దర్గాకి ఆటో.
వచ్చినవాళ్లకి ఒకటే రసీదు, నాకు మూడు ముక్కలు.
గదికి పదిహేను వందలు, రాత్రి గడిస్తే మాది.
టిఫినుకి నూట ఎనభై, కారం దోశ తిన్నాక మాది.
ఆటోకి నూట ఇరవై, అది ఎప్పటికీ మాది కాదు,
పెంచలయ్యది. మా చేతిలో కాసేపు ఆగుతుందంతే.
పైన పన్నూ అంతే.
సర్కారు సొమ్ము మా గల్లాలో బస చేసి
ఇరవయ్యో తారీఖున ఖాళీ చేస్తుంది,
అద్దె కట్టకుండా.

అన్నీ ఇంత తేలిగ్గా తెగవు.
నిరుడు పండక్కి
రెండు వందల నాలుగుకి డబ్బు పంపింది
కనిగిరి నుంచి ఓబులమ్మ.
రాలేదు. ఫోను తీయలేదు.
మరునాడు మధ్యాహ్నం పన్నెండు దాటాక
రూలు ప్రకారం రాశాను:
రానివాళ్ల వల్ల రాబడి.
పక్క నలగలేదు, సబ్బు కాగితం చింపలేదు,
డబ్బు మాత్రం మాదయింది.
తప్పు ఎంట్రీ కాదు, ఆడిటరు టిక్కు కూడా పెట్టాడు.
అయినా ఆ పేజీ దగ్గర
వేలు తడి చేసుకోబుద్ధి కాదు.

ఇవాళ సాయంత్రం దిగింది ఆమె.
చంకలో స్టీలు డబ్బా, అందులో రొట్టె.
"అప్పుడు మా ఆయన ఒంగోలు ఆస్పత్రిలో ఉండె నాయనా.
ఆ డబ్బులు అడగడానికి రాలా.
అంతకు ముందేడు ఆరోగ్యం రొట్టె తీసుకున్నా.
మనిషి లేచి తిరగతా ఉండాడు.
ఇచ్చెయ్యొద్దా మరి?"

చెరువు నీళ్లలో రొట్టె అందుకున్నవాడు
కోరిక తీరేదాకా దాన్ని ఏ వైపు రాసుకోవాలో
నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.
ఉద్యోగం రొట్టె నేనూ తిన్నాను,
పదకొండేళ్ల కింద, ఇదే కుర్చీ కోసం.
తిరిగివ్వలేదు ఇంకా.
పండగప్పుడే గదులన్నీ నిండుతాయి,
నాకు సెలవుండదు.

ఈసారీ పూర్తి డబ్బు కట్టింది ఓబులమ్మ.
తగ్గిస్తానంటే కోపం చేసింది.

ఒకటీ యాభై ఎనిమిది.
మీట మీద వేలుంది.
పైన రెండు వందల నాలుగులో బకెట్టు చప్పుడు.
దగ్గు. గడియ.
లైటు ఆరింది.

పదిహేను వందలు.